ఒక్క స్టార్ ఇచ్చి పడుకునే మేధావులకు

వీకెండ్ ట్రిప్పుకి గది బుక్ చేసుకుని మోసపోయినవాళ్లందరిలో గొంతు ఎక్కువ, పని తక్కువ ఎవరికయ్యా అంటే మన సాఫ్ట్‌వేర్ జనాలకే. ఇది నా ఆరోపణ. కోపం వస్తే రానివ్వండి, పూర్తిగా చదివాక తిట్టండి.

మాది ఓబులదేవరచెరువు. మా వైపు ఓడీసీ అంటారు. ఆఫ్‌షోర్ డెవలప్‌మెంట్ సెంటర్ కాదండోయ్, నిఝంగా ఊరే :). ఇటు పుట్టపర్తి, అటు కదిరి, ఇంకాస్త దూరంలో లేపాక్షి. అందుకని బెంగళూరు నుంచి శనివారం బయల్దేరే ప్రతి కొలీగూ "అక్కడ మంచి స్టే ఉందా?" అని నన్నే అడుగుతాడు. చెప్తే వినడు. యాప్‌లో ఫొటోలు చూసి బుక్ చేసేస్తాడు. ఆదివారం రాత్రి ఏడుపు మొదలు. ఏసీ అన్నారు, కరెంటే లేదు. ఈతకొలను అన్నారు, బాత్రూంలోనే నీళ్లు రాలేదు. "లేపాక్షి దగ్గర" అన్నారు, తీరా చూస్తే పెనుకొండ దగ్గర తేలాం. సరే, ఏం చేశావు బాబూ అంటే, "ఒక్క స్టార్ ఇచ్చా" అంటాడు గర్వంగా!

ఆఫీసులో టెస్టర్ "పనిచేయట్లేదు" అని ఒక్క ముక్క రాస్తే డిఫెక్టు తిప్పి కొడతాం. స్టెప్స్ ఏవి, స్క్రీన్‌షాట్ ఏది అని నిలదీస్తాం. సొంత డబ్బు పోయినప్పుడు ఆ బుద్ధి ఏ గట్టున మేస్తుంటుంది?

పైగా ఆ ఒక్క స్టార్ ఎవరికి తగులుతుంది? ఉన్న రెండు గదులూ అద్దెకిచ్చుకునే ఊరి మనిషికి. కమీషన్ తిన్న యాప్‌కి చీమ కుట్టినట్టైనా ఉండదు.

ముందు జాగ్రత్త పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. డబ్బు కట్టక ముందే ఓనరుకి ఫోన్ చేయండి. మాది కరువు సీమ. వేసవిలో బోరు నీళ్లా, ట్యాంకరా అని అడగండి. కరెంటు పోతే జనరేటర్ ఉందా? లొకేషన్ ఏది? నవంబరు 23న సత్యసాయి జయంతికి పుట్టపర్తిలో, ఫాల్గుణంలో కదిరి రథోత్సవానికి గదులు దొరకవని ఇక్కడ చిన్నపిల్లలకీ తెలుసు. ఒప్పుకున్నదంతా మెసేజ్‌లో రాయించుకోండి. తిరుమల, శ్రీశైలం గదుల పేరుతో నకిలీ సైట్లు కూడా ఉన్నాయి. అలాంటిదానికి డబ్బు పంపేస్తే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

గది చెడ్డదైతే దిగిన గంటలోనే వీడియో తీసి, యాప్ వాళ్లకి రాతపూర్వకంగా పంపండి. రెండు రోజులుండి, ఖాళీ చేశాక అరిస్తే ఎవడు నమ్ముతాడు? "మేం మధ్యవర్తులం మాత్రమే" అని వాళ్లు అంటారు. అననివ్వండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. తాము ఏకపక్షంగా రద్దు చేస్తే అలాంటి చార్జీ తామూ భరించకుండా, మీరు రద్దు చేసినందుకు మాత్రం చార్జీ వేయకూడదని కూడా అందులోనే ఉంది. తేల్చకపోతే 1915 ఉంది. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, పుట్టపర్తి దాకా రానక్కర్లేదు. చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

"అంత టైమెవరికుంది బాస్?" అంటారు. మీకు టైం లేదన్న లెక్క మీదే వాళ్ల వ్యాపారం నడుస్తోంది.

ఇంకో చేదు మాట. "ఒక్క గదే మిగిలింది!" అని ఎర్రక్షరాల్లో మెరిపించేది ఎవరు? చివరి పేజీలో ఫీజులు కలిపేది, అడగని ఇన్సూరెన్సుకి ముందే టిక్కు పెట్టేది ఎవరు? మన పక్క క్యూబికల్ వాడే. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల డార్క్ ప్యాటర్న్స్‌ని నిషేధించింది. దొంగ తొందర, బొట్లుబొట్లుగా ధర పెంచడం ఆ జాబితాలో ఉన్నవే. "రిక్వైర్‌మెంట్‌లో ఉంది, రాశాను" అంటే ఇక కుదరదు. ఈసారి అలాంటి స్టోరీ స్ప్రింట్‌లోకి వస్తే, ఇది నిషేధమని మీటింగ్‌లో నోరు విప్పి చెప్పండి.

అది చెప్పలేనివాడికి, ఆదివారం రాత్రి ఒక్క స్టార్ ఇచ్చే హక్కు కూడా లేదని నా అభిప్రాయం.