నలభై ఏళ్ల విమానంలో నలభై ఏళ్ల రేడియో: పీకేయాలా, ఉంచాలా?

ఇక్కడ నేను రాసేవన్నీ ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించే. ఈసారి సబ్జెక్ట్ సెస్నా 152 అనే చిన్న విమానంలో ఉండే రేడియో. ఇదీ అప్‌గ్రేడ్ గొడవే, కాకపోతే ఇక్కడ కామెంట్లలో కొట్టుకోవడంతో అయిపోదు.

మాది చేవెళ్ల దగ్గర ఆలూరు. మా ఊరి దోస్తు ఒకడు పైలట్ లైసెన్స్ కోసం ఒక ఫ్లయింగ్ స్కూల్లో చేరాడు. వాళ్ల నాన్న అరెకరం అమ్మి ఫీజు కట్టాడు. చేవెళ్లలో అరెకరం అంటే ఇప్పుడు ఎంతో మీకు తెలుసు. కమర్షియల్ లైసెన్స్‌కి 200 గంటలు ఎగరాలి. వాడి నుంచి నెలకోసారైనా నాకొచ్చే వాయిస్ మెసేజ్ ఇది: "రేడియో లేస్తలేదురా, ఇయ్యాల ఫ్లయింగ్ క్యాన్సిల్." ఆ వెంటనే ఇంకోటి: "ఈ మ్యూజియం పీసులన్నీ పీకి టచ్‌స్క్రీన్లు పెట్టొచ్చు కదా?"

పెట్టొచ్చు. కానీ ముందు పెట్టాల్సింది అది కాదని నా వాదన.

సెస్నా 152లు తయారైంది 1977 నుంచి 1985 దాకా. అంటే అన్నిటికన్నా కొత్త 152 కూడా మనకన్నా పెద్దది. వాటిలో ఫ్యాక్టరీ నుంచి వచ్చినవి ఎక్కువగా ఏఆర్‌సీ కంపెనీ ఆర్‌టీ-385ఏ లాంటి రేడియోలు. ఆ కంపెనీ అప్పట్లో సెస్నాదే. తర్వాత చాలామంది యజమానులు కింగ్ కేఎక్స్ 155కి మారారు. నారింజ రంగులో వెలిగే అంకెలు ఉంటాయే, అదే. ఇంకా పాత సెస్నాల్లో కేఎక్స్ 170బీ కనిపిస్తుంది. దానికి స్క్రీనే లేదు. నాబ్ తిప్పితే లోపల అంకెల చక్రాలు తిరుగుతాయి, పాత స్కూటర్ మీటర్‌లా.

ఇవన్నీ ఈరోజుకీ శంషాబాద్ టవర్‌తో మాట్లాడగలవు. మీ ఇంట్లో డ్రాయర్‌లో పడి ఉన్న 3జీ ఫోన్‌ని ఒకసారి తలుచుకోండి. ఎయిర్‌టెల్ 3జీ ఆపేశాక అందులో 3జీ డేటా రాదు, ఫోన్ మాత్రం నిక్షేపంగా ఉంటుంది. అక్కడ చచ్చింది గ్యాడ్జెట్ కాదు, అవతలి పక్క ఉన్న నెట్‌వర్క్. విమాన రేడియోల్లో ఆ అవతలి పక్క దశాబ్దాలుగా పెద్దగా కదల్లేదు. 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ బ్యాండ్, అందులో ఏఎం వాయిస్. అంతే.

ఎఫ్ఎం బెటర్ కదా, ఏఎం ఎందుకు అని మీరు అడుగుతారు. ఎఫ్ఎంలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన సిగ్నల్ రెండోదాన్ని మింగేస్తుంది. రెండోవాడు మాట్లాడినట్టు కూడా ఎవరికీ తెలియదు. ఏఎంలో అయితే రెండూ కలిసి కీచుమని మోగుతాయి. కంట్రోలర్‌కి ఇంకెవరో పిలుస్తున్నారని అర్థమై మళ్లీ చెప్పమంటాడు. ఆడియో క్వాలిటీలో వెనకబడినా, ఒకరి గొంతు చడీచప్పుడు లేకుండా మాయమవకుండా చూస్తుంది. నాకైతే ఇది గొప్ప డిజైన్. మన వాట్సాప్ గ్రూప్ కాల్స్‌లో ఈ కీచు ఉంటే బాగుండు.

అలాగని పాతదంతా బంగారం అనట్లేదు. లెక్కలు చూడండి. స్టేషన్ల మధ్య గ్యాప్ 50 కిలోహెర్ట్జ్ ఉన్న రోజుల్లో 360 ఛానెళ్లు సరిపోయాయి. 25 కిలోహెర్ట్జ్‌కి వచ్చాక 720 అయ్యాయి, బ్యాండ్‌ని 137 దాకా పొడిగించాక 760. కాబట్టి 720 ఛానెళ్ల రేడియో 135.975 దగ్గర ఆగిపోతుంది. మీరు వెళ్లే ఎయిర్‌పోర్ట్ ఫ్రీక్వెన్సీ 136 దాటి ఉంటే ఆ రేడియో ఎంత బాగా పనిచేసినా లాభం లేదు. యూరప్‌లో గ్యాప్‌ని 8.33 కిలోహెర్ట్జ్‌కి కుదించారు. 2018 నుంచి అక్కడ చిన్న విమానాలకూ అదే రూల్, పాత రేడియోలు గుట్టలుగా మూలనపడ్డాయి. మన దగ్గర ఇంకా 25 మీదే నడుస్తోంది కాబట్టి ఆ గొడవ లేదు. విదేశీ యూట్యూబర్ "వెంటనే మార్చేయండి" అన్నాడని ఇక్కడ డబ్బులు పెట్టకూడదు అనేది అందుకే.

మరి మా వాడి ఫ్లయింగ్ ఎందుకు క్యాన్సిల్ అవుతోంది? రేడియో వయసు వల్లే అని వాడి నమ్మకం. ఇలాంటి విమానాల మీద పనిచేసే ఇంజినీర్లను అడిగితే వేరే లిస్ట్ చెప్తారు. తుప్పు పట్టిన యాంటెనా బేస్, నీళ్లు దిగిన కోయాక్స్ కేబుల్, ట్రే వెనక నల్లబడ్డ కనెక్టర్ పిన్నులు, వదులైన హెడ్‌సెట్ జాక్, కంట్రోల్ వీల్ మీద రోజుకు వందసార్లు నొక్కే మాట్లాడే బటన్. ఇవన్నీ అలాగే ఉంచి కొత్త రేడియో పెడితే మళ్లీ అదే గరగర. సర్వర్ స్లోగా ఉందని కొత్త సర్వర్ కొని, అదే చెత్త క్వెరీని దాని మీద నడిపినట్టు. ఆఫీసులో ఈ సినిమా నేను చాలాసార్లు చూశాను.

ఇంకోటి, కరెంట్. కేఎక్స్ 170బీ 14 వోల్టులది. సెస్నా 152 సిస్టమ్ 28 వోల్టులది. మధ్యలో కన్వర్టర్ లేకుండా తగిలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కేఎక్స్ 155లో 14కి ఒకటి, 28కి ఒకటి వేర్వేరు మోడళ్లు ఉన్నాయి, బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. సెకండ్ హ్యాండ్‌లో చౌకగా దొరికిందని పార్ట్ నంబర్ చూడకుండా కొనొద్దు.

నా చేతిలో బడ్జెట్ ఉంటే మొదట వైరింగ్, యాంటెనా, జాకులు, ఒక మంచి హెడ్‌సెట్. చూడ్డానికి ఏ గ్లామరూ లేని పనులివి. ఆ తర్వాత రేడియో కాదు, ఈఎల్‌టీ. విమానం కూలితే తనంతట తాను సిగ్నల్ పంపే పెట్టె అది. పాత ఈఎల్‌టీలు 121.5 మెగాహెర్ట్జ్ మీద అరుస్తాయి. 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు ఆ అరుపు వినడం మానేశాయి. ఇప్పుడు అవి వినేది 406 మెగాహెర్ట్జ్ డిజిటల్ సిగ్నల్‌నే. అందులో ఏ విమానమో చెప్పే కోడ్ ఉంటుంది. మన దేశంలో ఆ అలర్ట్ బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి చేరుతుంది. 3జీ ఫోన్ కథ అచ్చంగా వర్తించేది ఇక్కడే: పెట్టె పనిచేస్తూనే ఉంటుంది, పైనుంచి వినేవాళ్లు లేరు. 2019 అక్టోబర్‌లో వికారాబాద్ జిల్లా బంట్వారం మండలం సుల్తాన్‌పూర్ దగ్గర ఒక ట్రైనర్ విమానం పొలంలో కూలి ఇద్దరు ట్రైనీలు చనిపోయారు. దానికీ రేడియోలకీ ముడిపెట్టట్లేదు. మా చేవెళ్ల నుంచి దూరమేమీ కాని చోటు అది, మా వాడు ఎగిరేదీ అలాంటి చిన్న విమానంలోనే. అందుకే నా లిస్ట్‌లో ఈఎల్‌టీ టచ్‌స్క్రీన్ కన్నా పైన ఉంటుంది.

మూడోది ఒక్క కొత్త కామ్ రేడియో. రెండూ మార్చకుండా ఒకటి కొత్తది, ఒకటి పాతది. కేఎక్స్ 170బీ ఉన్నవాళ్లకి టీకేఎం అనే కంపెనీ అదే ట్రేలోకి జారే రేడియో చేసింది, ప్యానెల్ కోయాల్సిన పని లేదు. డిజిటల్ లోపలి భాగం, పాత గూడు. అన్నిటిలోకి నాకు ముచ్చటేసిన అప్‌గ్రేడ్ ఇది. పాత కేఎక్స్ 155 ఉంటే దాన్ని రెండో రేడియోగా ఉంచుకోవచ్చు, కాకపోతే ఆ నారింజ డిస్‌ప్లే పోతే దొరకడం కష్టం.

టచ్‌స్క్రీన్ జీపీఎస్ చివరిది. 1998లో గార్మిన్ జీఎన్‌ఎస్ 430 వచ్చినప్పుడు అందరూ ఇక భవిష్యత్తు ఇదే అన్నారు, నిజంగానే అద్భుతమైన మెషీన్. ఇప్పుడు దానికీ డిస్‌ప్లే కష్టాలే. పైగా నావిగేషన్ డేటాబేస్ 28 రోజులకోసారి మారుతుంది, సబ్‌స్క్రిప్షన్ కట్టాలి. కామ్ రేడియోకి అప్‌డేట్ లేదు, యాప్ లేదు, లాగిన్ లేదు.

మనం కంప్యూటర్‌లో రామ్ మార్చినట్టు విమానంలో ఎవరూ స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చోలేరు. ఆమోదం ఉన్న పరికరమే పెట్టాలి, లైసెన్స్ ఉన్న ఇంజినీర్ సంతకం పెట్టాలి, విమానంలో ఉన్న రేడియోకి ప్రభుత్వ వైర్‌లెస్ లైసెన్స్ కూడా ఉండాలి. అందుకే కొత్త కామ్ రేడియో ధర ఫ్లాగ్‌షిప్ ఫోన్‌ని దాటినా అసలు బిల్లు అది కాదు. బిగించే పని, పేపర్లు, ఆ పనయ్యే దాకా విమానం నేల మీద నిలబడే రోజులు కలిపితేనే బిల్లు.

మా వాడికి ఇదంతా చెప్తే, "నువ్వు ఇంజినీర్‌వి, నీకు టైమ్ ఉంది, నా గంటలు ఎప్పుడు పూర్తయితయ్?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. ఇప్పటికి 63 అయ్యాయి. రేపు స్కూల్లో వాళ్ల ఇంజినీర్‌ని రెండు అడగమన్నాను: యాంటెనా కేబుల్ చివరిసారి ఎప్పుడు మార్చారు, ఈఎల్‌టీ 406దేనా.