చేతిలో యాంటెన్నా, నింగిలో ఉపగ్రహం

విజ్ఞానశాస్త్రం గ్రంథాలకే పరిమితమైనది కాదు. చేతితో చేసి, చెవితో విన్నప్పుడే అది మన సొంతమవుతుంది. ఉపగ్రహమనగానే మనకు కోట్ల రూపాయల వ్యయం, శ్రీహరికోట వంటి మహాకేంద్రాలు స్ఫురిస్తాయి. మోమిన్‌పేట్ విద్యార్థికి దానితో ఏమి పని అనిపిస్తుంది. ఆ భావన సరికాదని నా అభిప్రాయం.

2005 మే 5న శ్రీహరికోట నుండి పి.ఎస్.ఎల్.వి. సి-6 వాహనం కార్టోశాట్-1తో పాటు 42.5 కిలోల హామ్‌శాట్‌ను కక్ష్యలో నిలిపింది. అమెచ్యూర్ రేడియో అభిమానుల కోసమే ఇస్రో నిర్మించిన ఉపగ్రహమది. అందులోని రెండు ట్రాన్స్‌పాండర్లలో ఒకదానిని రూపొందించినవాడు నెదర్లాండ్స్‌కు చెందిన ఒక విద్యార్థి! 2014 వరకు అది సేవలందించింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో సైతం అమెచ్యూర్ రిపీటర్ ఉన్నది. 145.990 మెగాహెర్ట్జ్‌పై పంపిన మాటను అది 437.800పై తిరిగి భూమికి చేరవేస్తుంది.

ఇందుకు కావలసినవి చేతిలో ఇమిడే 5 వాట్ల సెట్టు, ఒకనాడు ఇంటి కప్పులపై కనిపించిన టీవీ యాంటెన్నా వంటి యాగీ యాంటెన్నా మాత్రమే. కర్రకు అల్యూమినియం కడ్డీలు బిగించి దానిని మనమే తయారుచేసుకోవచ్చు. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున సాగే కేంద్రం మన ఆకాశాన్ని దాటే పది నిమిషాలూ యాంటెన్నాను దానివైపు త్రిప్పుతూ ఉండాలి. వికారాబాదు స్టేషనులో రైలు కూత దగ్గరవుతున్నప్పుడు హెచ్చు స్వరంలో, దూరమవుతున్నప్పుడు తగ్గు స్వరంలో వినబడినట్లే, ఈ సంకేతం మొదట సుమారు 10 కిలోహెర్ట్జ్ ఎక్కువగా, చివర అంతే తక్కువగా వస్తుంది. నల్లబల్లపై చదివిన డాప్లర్ సూత్రం ఇక్కడ అనుభవమవుతుంది.

సెల్‌ఫోను ఉండగా ఈ శ్రమ దేనికని కొందరు ఆక్షేపించవచ్చు. 2004 డిసెంబరు సునామీలో అండమాన్ దీవులకు టెలిఫోన్లు తెగిపోయినప్పుడు, పోర్ట్ బ్లెయిర్‌లోని హామ్ ఆపరేటర్లే వార్తలు చేరవేశారు. అంతేకాదు, ఫోనును మనం కొంటాము, యాంటెన్నాను నిర్మిస్తాము. విద్యకు కావలసినది రెండవదే.

ప్రసారానికి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. పన్నెండేళ్లు నిండినవారు పరీక్ష వ్రాసి దానిని పొందవచ్చు. 1983లో స్థాపితమైన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ హైదరాబాదులోనే ఉన్నది. కావున కళాశాల కమిటీవారు ఒక సెట్టు, కొన్ని కడ్డీలు, వారానికొక సాయంత్రం మంజూరు చేయవలెనని నా విన్నపం. విద్యార్థినీ విద్యార్థులారా! మన తరగతులలో ఉర్దూ వారు ఒకవైపు, తెలుగువారు ఒకవైపు కూర్చుంటున్నాము. ఒకరు యాంటెన్నా పట్టగా మరొకరు సెట్టు సవరించవలసిన ఈ పనిలో అలా వేరుగా నిలువలేము. రండి, పరీక్షకు సిద్ధపడదాము.