కుడి పేజీ

"చిన్న పాస్టరుకు రాతపని ఎందుకు?" జనగామలో విన్నాను, మానుకోటలో విన్నాను, భూపాలపల్లిలోనూ విన్నాను. పాస్టర్ల సహవాసాల్లో పెద్దలు ఈ మాట ప్రేమతోనే అంటారు. వాక్యం చెప్పు, ప్రార్థన చెయ్యి, మంచం పట్టినవాళ్లను చూసి రా. రాతలు బైబిలు కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లకు, పుస్తకాలు అచ్చేసుకునే పెద్ద సేవకులకు వదిలెయ్యి అంటారు. కుర్ర పాస్టర్లది ఇంకో మాట. ప్రతి ఆదివారం ఫోన్లో లైవ్ పెడుతున్నాం, అంతా అందులోనే ఉంది, మళ్లీ రాయడమెందుకు?

ఈ రెండు మాటలూ తప్పేనని నా గట్టి నమ్మకం. నలభై యాభై మంది ఉన్న సంఘాన్ని కాసే మామూలు పాస్టరు వారం వారం రాయాలి. రాసింది మూలన పడెయ్యకుండా మళ్లీ మళ్లీ తెరవాలి, దిద్దాలి, తర్వాత తెలిసింది చేర్చాలి. రోగిని చూడబోవడం ఎంత సేవో ఇదీ అంతే సేవ.

కేసముద్రం వైపు ఒక పల్లెలో నాకు తెలిసిన పాస్టరయ్య ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా అదే సంఘం. కిరాణా కొట్టువాళ్లు పద్దులు రాసుకునే పొడుగు పుస్తకం కొంటాడు. సోమవారం పొద్దున్నే, టీ తాగి, మందిరం అరుగు మీద కూర్చుని రాస్తాడు. ఎడమ పేజీలో తేదీ, చెప్పిన వాక్యం, ఎందరు వచ్చారు, ఎవరు రాలేదు, ఏ ఇంటికి వెళ్లాడు. కుడి పేజీ ఖాళీగా వదిలేస్తాడు. ఆ ఖాళీ ఎందుకని అడిగితే, "తర్వాత తెలిసేదానికి" అన్నాడు.

ఆయన చూపించిన ఒక పేజీ నేను మరిచిపోలేను. ఎడమవైపు: పిల్లవాడికి మూడు రోజులుగా జ్వరం, నూనె రాసి ప్రార్థన చేశాను. కుడివైపు, నెల తర్వాత, వేరే రంగు ఇంకుతో: డెంగీ అట. వరంగల్ పెద్దాసుపత్రిలో పదకొండు రోజులు. బర్రెను అమ్మిండ్రు. ఆ రోజే దవాఖానకు పొమ్మని నేను చెప్పాల్సింది. చెప్పలేదు.

ఆ నాలుగు ముక్కలు రాసుకున్నప్పటినుంచి ఆయన జ్వరం ఉన్న ఏ ఇంటికి వెళ్లినా ముందు రక్తపరీక్ష చేయించారా అని అడుగుతాడు. ఆ తర్వాతే మోకాళ్లూనుతాడు. ఇది ఏ ప్రసంగం వల్ల వచ్చిన మార్పూ కాదు. తన తప్పును తన చేత్తో రాసి, దాన్ని ఏటా ఒకసారి తిరగేసి చూసుకోవడం వల్ల వచ్చింది.

ఫోను చాలనేవాళ్లు ఒక్కసారి ఈ కుడి పేజీ గురించి ఆలోచించాలి. కెమెరా వేదిక ముందు నిలబడుతుంది. పాస్టరు గొంతెత్తింది, పాట పాడింది, ఆమెన్ చెప్పింది పట్టుకుంటుంది. బర్రెను అమ్మిన సంగతి దానికెట్లా తెలుస్తుంది? తెలిసినా, గంటన్నర వీడియోలో ఎవరు వెతుకుతారు? మెమరీ నిండిందని పాతవి చెరిపేసేది కూడా మనమే కదా.

రాత పెద్దలకే అనేవాళ్లకు దోర్నకల్ చూపిస్తాను. మానుకోట జిల్లాలోనే ఉంది, దూరం పోనక్కర్లేదు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో అభిషేకం పొంది వేదనాయగం శామ్యూల్ అజరయ్య దోర్నకల్‌కు బిషప్పయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు. తమిళుడు, ఇక్కడికొచ్చి తెలుగు నేర్చుకున్నాడు. గుడి పోకడ, మసీదు పోకడ కలిపి ఆయన కట్టించిన ఎపిఫనీ కథీడ్రల్‌ను 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. 1945 జనవరి 1న ఆయన కన్నుమూసేనాటికి ఆ అధ్యక్ష మండలంలో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. ఆయన గురించి నేటికీ ఇంత వివరంగా చెప్పుకోగలుగుతున్నామంటే, ఆయన ఉత్తరాలు రాశాడు, పత్రిక నడిపించాడు, పుస్తకాలు రాశాడు గనక.

అయితే ఆ రెండు లక్షల మందికి వాక్యం చెప్పింది, మాల మాదిగ పల్లెల్లో కిరసనాయిలు దీపం పెట్టుకుని అక్షరాలు దిద్దించింది ఒక్క బిషప్పు కాదు. ఊరూరా ఉపదేశులు ఉన్నారు. సొంత ఊళ్లో మొదటి మందిరానికి గోడ లేపిన ఉపదేశి పేరేమిటో చెప్పమని దోర్నకల్ చుట్టుపక్కల పల్లెల్లో అడిగి చూడండి. నేను అడిగాను. నాలుగు ఊళ్లు తిరిగితే ఒక్క ఊళ్లో పేరు దొరికింది. అదీ సమాధి రాయి మీద.

ఒంగోలు సంగతీ అంతే. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె బాప్టిస్టు సంఘాల్లో పిల్లలకు కూడా నోటికి వస్తుంది. నీళ్లలో దిగి, ఇద్దరిద్దరుగా వంతులేసుకుని ఆ బాప్తిస్మాలిచ్చిన ఆరుగురు తెలుగు బోధకుల పేర్లు మనలో ఎందరికి వచ్చు? తోలు వ్యాపారం చేసిన మాదిగ పెద్ద యర్రగుంట్ల పేరయ్య ఆ ఉద్యమానికి మొదటి అడుగు వేసినవాడు. ఆయన కథ మనకు చేరిందంటే మిషనరీ క్లౌ, ఆయన భార్య ఎమ్మా ఇంగ్లీషులో రాసి పెట్టబట్టే. వాళ్లకు రుణపడి ఉన్నాం. కానీ మనవాళ్ల కథ మనకు దొర ఇంటి కిటికీలోంచి కనిపించినంతే కనిపిస్తోంది. ఇంకెన్నాళ్లు?

పైగా చిన్నవాళ్లకు రాతెందుకన్న ఈ మాట అంటున్నది ఎక్కడ నిలబడి? పాలకుర్తి జనగామ జిల్లాలోనే కదా ఉంది. కవి పాల్కురికి సోమనాథుడు అక్కడివాడే. శివభక్తుల్లో మాదర చెన్నయ్య చెప్పులు కుట్టినవాడు, మడివాలు మాచయ్య బట్టలుతికినవాడు. వాళ్ల కథలు ద్విపదలో పెట్టి జనం నోటికందించాడు సోమన. ఇవీ ఒక కావ్యంలో చెప్పే కథలేనా అని ఆయన వెనుకాడి ఉంటే ఆ కాలపు సామాన్యుల పాటలు, ఆటలు, పనిపాటల గురించి మనకు తెలిసింది చాలా తగ్గిపోయేది. ఆయన మతం వేరు, మన విశ్వాసం వేరు. చెప్పులు కుట్టినవాడి బతుకు రాతకు తగినదని నేర్పింది మాత్రం ఈ నేలే.

భూపాలపల్లి పాస్టర్లకు ఈ అవసరం ఇంకా ఎక్కువ. సింగరేణి కాలనీల్లో సంఘం నిలకడగా ఉండదు. కొత్తగూడెం నుంచి ఒకరొస్తారు, గోదావరిఖనికి ఇంకొకరు బదిలీ అవుతారు, రిటైరైనవాళ్లు క్వార్టర్ ఖాళీ చేసి సొంతూరు పోతారు. పదేళ్లలో మందిరంలో సగం ముఖాలు మారిపోతాయి. వాళ్లను అందరినీ ఎరిగిన పాస్టరు కూడా పోతే, అక్కడ ఎవరు ఎవరికి తోడుగా నిలిచారో చెప్పే మనిషి ఉండడు.

నాకు బరువుగా అనిపించే అభ్యంతరం ఒకటే ఉంది. పేరు కాగితం మీద పడితే మనిషికి నష్టం జరగొచ్చు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని వర్తింపజేశారు. క్రైస్తవులకు లేదు. మతం మారిన దళితుడు మన దగ్గర బీసీ-సీ కిందికి, ఒక్క శాతం రిజర్వేషన్ కిందికి వెళ్తాడు. బిడ్డల చదువు, కొలువు పోతాయన్న భయంతో ఎన్నో కుటుంబాలు మందిరంలో ఒక పేరుతో, సర్టిఫికెట్‌లో ఇంకో పేరుతో బతుకుతున్నాయి. కులం ఊరిచివరే ఉంచి, హోదా మాత్రం లాగేసుకున్న ఆ నిబంధన అన్యాయమని నేను నమ్ముతాను. అది ఉన్నంతకాలం పాస్టరు కలం జాగ్రత్తగా కదలాలనీ ఒప్పుకుంటాను. ప్రార్థనలో చెవిలో చెప్పుకున్న మాట రాయకూడదు. పేరు చేటు తెచ్చే చోట "వాగు పక్క ఇల్లు" అని రాస్తే పాస్టరుకు తెలుస్తుంది, బయటివాడికి తెలియదు. పుస్తకం ట్రంకుపెట్టెలో ఉండాలి. ఇంతవరకు సరే. జాగ్రత్తగా రాయమంటే వింటాను, రాయొద్దంటే వినను.

సొంత గొప్పలవుతాయని భయపడేవాళ్లు యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయం మళ్లీ చదవాలి. బారూకు రాసిన చుట్టను రాజు చాకుతో కోసి కుంపట్లో వేస్తాడు. యిర్మీయా ఇంకో చుట్ట ఇచ్చి చెబుతుంటే బారూకు అంతా మళ్లీ రాస్తాడు, మొదటిదాంట్లో లేని మాటలు కూడా అందులో చేరతాయి. బారూకు ప్రవక్త కాదు, రాయసగాడు.

2024 సెప్టెంబర్ 1న వానలకు ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. పేపర్లలో ఆగిన రైళ్ల లెక్క వచ్చింది. మా పాస్టరయ్య పుస్తకంలో ఎవరింట్లో బియ్యం మొలకెత్తాయో, మందిరంలో ఏ ఏ కులాలవాళ్లు ఆ రాత్రి పక్కపక్కనే పడుకున్నారో ఉంది. పాత పుస్తకాలు రెండు తడిసి ముద్దయ్యాయి. దండెం మీద ఆరేసి, అంటుకుపోయిన పేజీలను బ్లేడుతో విడదీసి, అక్షరం ఆనినంతవరకు కొత్త పుస్తకంలోకి ఎక్కించాడు. కుడి పేజీలు మళ్లీ ఖాళీగా వదిలాడు.

నేనక్కడ ఉండగానే ఒకామె వచ్చింది. "అయ్యగారూ, మా అమ్మ ఏ ఏడుల బాప్తిస్మం తీసుకున్నదో మీ బుక్కుల ఉన్నదా? రాయి ఏపిస్తున్నం" అంది. పేరు దొరికింది. తేదీ ఉన్న చోట నీలి మరక.

"నీకేమన్న యాదికున్నదా బిడ్డా?"

ఆమె కాసేపు ఆలోచించింది. "పత్తి మొత్తం లద్దెపురుగు తిన్న ఏడు. మా నాయిన మందు తాగకముందు."

ఆయన కళ్లద్దాలు సర్దుకుని కుడి పేజీలో రాశాడు: 1997. బిడ్డ చెప్పింది.