దిమాక్ ఖరాబైతే తప్పు మాఫీనా?

షోలాపూర్: "మనిషి మంచోడే.. దిమాక్ ఖరాబై చేసిండు, ఇడిసిపెట్టుండ్రి." షోలాపూర్ పూర్వ విభాగంలో ఏ గల్లీలో పంచాయితీ కూర్చున్నా అరగంట గడవక ముందే ఎవరో ఒకరి నోట ఈ మాట వస్తుంది. పెళ్లాం తల పగిలినా అదే మాట, తాలీంలో పిల్లవాడి వీపు చిట్లినా అదే మాట. పెద్దమనుషులు తలూపుతారు. దండుగ ఎంతో తేలుస్తారు. దెబ్బ తిన్నవాళ్లు చాయ్ తాగి ఇంటికి పోతారు.

అదే గల్లీలో నిజంగా దిమాక్ చెదిరిన మనిషి ఉంటే మాత్రం ఆ మాట ఎవరూ అనరు. "వానికేం గాలే, గాలి సోకింది" అంటారు. వెనక గదిలో పెట్టి బయట గొళ్లెం వేస్తారు. జబ్బు లేనివాడికి జబ్బు అంటగట్టి కాపాడుకోవడం, జబ్బు ఉన్నవాడి జబ్బు దాచిపెట్టడం.. సాఖర్ పేట నుంచి విడి ఘర్కుల్ దాకా మన మగ్గం పేటల్లో ఈ రెండూ పక్కపక్కనే సాగుతున్నాయి. ఒకదాని వల్ల బాధితులకు న్యాయం దొరకడం లేదు. రెండోదాని వల్ల రోగికి రేపు కోర్టులో దొరకాల్సిన రక్షణ కూడా పోతోంది. ఈ రెండో సంగతి చాలామందికి తెలియదు.

చట్టం అడిగేది ఒక్కటే

మతి స్థిమితం లేనివాడు చేసిన పని నేరం కాదని చట్టంలో ఉన్న మాట నిజమే. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో అది 84వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్. నంబరు మారింది గాని సారం మారలేదు. దీని మూలం 1843 నాటి లండన్‌లో ఉంది. ప్రధాని రాబర్ట్ పీల్ మనుషులు తనను వేటాడుతున్నారన్న భ్రమలో మెక్‌నాటన్ అనే అతను ప్రధాని కార్యదర్శిని కాల్చి చంపాడు. కోర్టు అతన్ని నిర్దోషి అంది. దేశమంతా గగ్గోలు పుట్టింది. అప్పుడు జడ్జిలు గీసిన గీతే ఇవాళ్టికీ మన కోర్టుల్లో నడుస్తోంది.

ఆ గీత చాలా సన్నం. జబ్బు ఉందా లేదా అని చూసి కోర్టు ఆగిపోదు. ఆ పని చేసిన ఘడియలో తాను ఏం చేస్తున్నాడో, అది తప్పో కాదో తెలుసుకునే శక్తి అతనికి ఉందా లేదా? అడిగేది ఇదొక్కటే. డాక్టరు రాసే పిచ్చి వేరు, చట్టం ఒప్పుకునే పిచ్చి వేరు అని సుప్రీంకోర్టు పలుసార్లు చెప్పింది. మందులు వాడుతున్నంత మాత్రాన, కోపం పట్టలేకపోయినంత మాత్రాన, ముందెన్నడో మతి చెడినంత మాత్రాన విడుదల రాదు. చేసే ముందు, చేసేటప్పుడు, చేసిన తర్వాత అతని నడత ఎలా ఉందో చూడాలని 1964లో గుజరాత్ నుంచి వచ్చిన ఒక కేసులో కోర్టు తేల్చింది. తలుపు గడియ పెట్టుకున్నాడా? సాక్షి లేని చోటు చూసుకున్నాడా? తర్వాత పారిపోయాడా, రక్తం కడిగాడా? ఇవన్నీ తెలివి ఉందనడానికి గుర్తులు.

కానిస్టేబుల్ కేసు

ఈ సెక్షన్ కింద బయటపడ్డ కేసు మన మహారాష్ట్రలోనే ఉంది. 1994 ఏప్రిల్‌లో ఒక పోలీస్ కానిస్టేబుల్ పోలీస్ క్వార్టర్లలోనే భార్య తల మీద రాతితో మోది చంపాడు. కింది కోర్టు, హైకోర్టు శిక్ష వేశాయి. 2002లో సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. కారణాలు వరసగా రాసింది. అతని తండ్రికీ మానసిక జబ్బు ఉండేది. అతనికి 1992 నుంచే చికిత్స నడుస్తోంది. జబ్బు పేరు పారనాయిడ్ స్కిజోఫ్రీనియా.. అంటే లేని శత్రువులు కనబడే, లేని మాటలు వినబడే జబ్బు. హత్య జరిగిన ఏడాదే జూన్, డిసెంబర్ మధ్య 25 సార్లు దవాఖానాకు తీసుకుపోవాల్సి వచ్చింది. చంపడానికి చెప్పుకోదగ్గ కారణం లేదు. పట్టపగలు చేశాడు, దాక్కోలేదు, పారిపోలేదు.

ఈ తీర్పును మన పేటలవాళ్లు ఒకసారి నిదానంగా చూడాలి. అతన్ని కాపాడింది జాలి మాట కాదు. హత్యకు రెండేళ్ల ముందు నుంచీ ఉన్న చికిత్స, దవాఖానా రికార్డు, కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పిన డాక్టర్లు. జబ్బు ఉందని రుజువు చేసే భారం నిందితుడి మీదే ఉంటుంది. పోలీసులు రుజువు చేయాల్సినంత గట్టిగా అక్కర్లేదు, సివిల్ దావాలో మాదిరి ఉండొచ్చనిపిస్తే చాలు. అయితే ఆ పాటి మొగ్గుకైనా చేతిలో కాగితం ఉండాలి.

కేస్ పేపర్ లేని ఇల్లు

సాంచె మీద పనిచేసేవాడి ఇంట్లో ఆ కాగితం ఎక్కడుంది? సాంచె ఆగితే కూలి ఆగుతుంది. సివిల్ హాస్పిటల్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. కాని రోగిని తీసుకుపోవాలంటే ఇంటిల్లిపాది కూలిలో ఒకరి దినం పోతుంది. అది కూడా అసలు అడ్డు కాదు. అసలు అడ్డు సంబంధాలు. పిల్లకు సిరిసిల్ల నుంచో కరీంనగర్ నుంచో భీవండి నుంచో సంబంధం రావాలి. "వాళ్ల అన్నకు పిచ్చట" అన్న మాట రైలు కంటే ముందు అక్కడికి చేరుతుంది. అందుకని కేస్ పేపర్ తీయరు. తీసినా పేరు మార్చి చెబుతారు, రెండు నెలలకు చించేస్తారు. దేవ్‌రుషి దగ్గరికి పోతారు, దర్గాకు పోతారు. గుడికో దర్గాకో పోవడంలో తప్పు పట్టాల్సింది లేదు. మందు మానేసి అక్కడే కట్టేసి రావడం తప్పు.

కట్టేస్తే ఏమవుతుందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో దేశం చూసింది. మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకుంటే గొలుసులతో ఉన్న 28 మంది కదలలేక కాలిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టరాదంటోంది. అంతకు ముందే మహారాష్ట్రలో నరేంద్ర దాభోల్కర్ హత్య జరిగిన 2013లోనే వచ్చిన మూఢనమ్మకాల వ్యతిరేక చట్టం దయ్యం వదిలిస్తామని కొట్టడం, కట్టేయడం నేరమంది.

మానసిక రోగుల్లో ఎక్కువమంది ఎవరి జోలికీ పోరు. దెబ్బలు తినేది వాళ్లే. ఏదో ఒక ఇంట్లో మాత్రం మందు లేక ముదిరిన జబ్బు ఒక పొద్దున ఘోరానికి దారి తీస్తే, అదే రోజు నుంచి కుటుంబం "వాడికి ముందు నుంచే బాగలేదు" అని మొత్తుకుంటుంది. అప్పుడు వకీలు అడిగే మొదటి మాట "కాగితం ఏదీ?" అనే. పరువు కోసం దాచిన జబ్బు కోర్టులో లేని జబ్బు కింద లెక్క.

తాగుడు సంగతి ఇంకోటి. తాగి చేసినవాడు "నాకు తెల్వదు" అంటే చెల్లదు. తెలియకుండానో బలవంతంగానో ఎవరైనా తాగిస్తేనే చట్టం మాఫీ ఇస్తుంది. సొంత డబ్బుతో హాత్‌భట్టీ కొనుక్కున్నవాడికి ఆ మాఫీ లేదు. అయితే తాగుడు ఒక్కసారిగా మానేసిన రెండు మూడు రోజులకు వణుకు, భ్రమలు పట్టే జబ్బు నిజంగానే ఉంది. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క హైదరాబాద్ ఎర్రగడ్డ దవాఖానాకు జనం వరస కట్టింది ఇందుకే. అది దవాఖానాలో చూడాల్సిన జబ్బు, పంచాయితీలో తేల్చేది కాదు.

వస్తాద్ చేతిలో పిల్లలు

పొద్దూకితే ఈ పేటల పిల్లలు తాలీంకో, కబడ్డీ, ఖోఖో మైదానానికో పోతారు. తల్లి బీడీలు చుడుతూ ఉంటుంది, తండ్రి రాత్రి పాళీలో సాంచె మీద ఉంటాడు. ఆ రెండు గంటలు పిల్లవాడికి అమ్మానాన్నా వస్తాదే. ఆటల కోటాలో పోలీసులోనో రైల్వేలోనో నౌకరీ వస్తుందన్న ఆశ ఒకటి. "సర్ కొడితే కొట్టనీ, బాగుపడతడు" అని తల్లిదండ్రులే అప్పజెపుతారు. అందుకే ఇక్కడ కంచె చేను మేసినా బయటికి రాదు. కోచ్‌ల వేధింపులు ఒక్క పేట సంగతి కాదు. స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా కేంద్రాల్లో పదేళ్లలో 45 లైంగిక వేధింపుల ఫిర్యాదులు వచ్చాయని, అందులో 29 కోచ్‌ల మీదేనని 2020లో సమాచార హక్కు కింద బయటపడింది.

కోచ్‌కు జబ్బు అన్న వాదన అమెరికాలో ఒక పెద్ద కేసులో వచ్చింది. పెన్ స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు సహాయ కోచ్ జెర్రీ శాండస్కీ పేద పిల్లల కోసమంటూ ఒక సంస్థ పెట్టాడు. అందులోంచే పిల్లలను ఏరుకున్నాడు, కానుకలిచ్చాడు, మ్యాచ్‌లకు తీసుకుపోయాడు. 2012 విచారణలో అతను పిల్లలకు రాసిన ప్రేమలేఖల్లాంటి ఉత్తరాలు బయటికి వస్తే, అది ఒక రకం వ్యక్తిత్వ లోపమని అతని తరఫు మానసిక నిపుణుడు చెప్పాడు. ప్రభుత్వం తరఫు నిపుణుడు కాదన్నాడు. జ్యూరీ 10 మంది పిల్లల విషయంలో 45 అభియోగాలు రుజువయ్యాయంది. 30 నుంచి 60 ఏళ్ల శిక్ష పడింది. ఏళ్ల తరబడి ఏరుకుని, మచ్చిక చేసుకుని, తలుపు చాటున చేసిన పనికి "తెలియక" అన్న మాట అతకదు.

అలాగని మెదడు మనిషిని మార్చదని అనుకోవడమూ పొరపాటే. 2003లో డాక్టర్లు అచ్చు వేసిన వర్జీనియా కేసు ఉంది. నలభై ఏళ్ల టీచరు, అంతకు ముందు ఏ మచ్చా లేనివాడు, ఉన్నట్టుండి పిల్లల అశ్లీల బొమ్మలు పోగుచేసి, సవతి కూతురి జోలికి పోయాడు. శిక్ష ఖరారయ్యే ముందు రోజు తలనొప్పని ఆస్పత్రికి పోతే మెదడు ముందు భాగంలో గుడ్డంత గడ్డ కనబడింది. తీసేస్తే ఆ కోరికలు పోయాయి. కొన్నాళ్లకు మళ్లీ మొదలయ్యాయి.. చూస్తే గడ్డ మళ్లీ పెరిగింది. ఇంతకంటే స్పష్టమైన కేసు ఎక్కడ దొరుకుతుంది? అయినా అతనికి తాను చేసేది తప్పని తెలుసు, ఆపుకోలేకపోయాడంతే. మన చట్టం తెలిసిందా లేదా అని అడుగుతుంది గాని ఆపుకోగలిగావా అని అడగదు. ఈ సెక్షన్ మార్చాలా అని 1971లో లా కమిషన్ చూసి అక్కర్లేదంది. కాబట్టి ఆ టీచరు షోలాపూర్ కోర్టులో నిలబడి ఉంటే నిర్దోషి అనిపించుకోవడం కష్టమే. శిక్ష తగ్గించమని అడగడానికి మాత్రం అంతకంటే గట్టి కారణం ఉండదు.

తలకు దెబ్బలు తిన్న పాత ఆటగాళ్లే చాలాచోట్ల కోచ్‌లవుతారు. బాక్సర్ల మెదడు దెబ్బ తింటుందని డాక్టర్లు 1928లోనే రాశారు. ముక్కోపం, మతిమరుపు, తెగింపు.. ఇవన్నీ ఆ జబ్బులో ఉన్నవే. కాని దాన్ని రూఢి చేసేది చనిపోయాక మెదడును కోసి చూసినప్పుడే. బతికున్న కోచ్ చేతిలో దానికి సర్టిఫికెట్ ఉండే వీలు ఇవాళ్టికి లేదు. కనుక జబ్బు తేలేదాకా పిల్లలను అతని చేతిలోనే ఉంచుదామనడం అన్యాయం. శిక్ష వేయాలా వద్దా అన్నది కోర్టు చూసుకుంటుంది, ఏళ్లు పట్టవచ్చు. తాలీం తాళం చెవి తీసుకోవడానికి కోర్టు అక్కర్లేదు, సాయంత్రం చాలు. వస్తాద్‌కు నిజంగా జబ్బే ఉంటే ఆ పని ముందు చేయాల్సింది అతని కోసమే.

సంఘం పెద్దలు ఇంకోటి గుర్తుంచుకోవాలి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, సంస్థ నడిపేవాళ్లయితే ఏడాది దాకా. పెన్ స్టేట్‌లోనూ 2001లోనే ఒకరు కళ్లారా చూసి పైవాళ్లకు చెప్పారు, పైవాళ్లు పోలీసులకు చెప్పలేదు. యూనివర్సిటీ అధ్యక్షుడు సైతం చివరికి జైలుకు పోయాడు. దండుగ కట్టించి రాజీ చేసిన పంచాయితీకీ అదే దారి.

విడుదలైతే ఎక్కడికి?

2019లో మహారాష్ట్ర నుంచే వచ్చిన మరో కేసులో, ఇద్దరు చిన్నపిల్లలను చెరిచి చంపినవాడికి శిక్ష పడ్డాక జైల్లో తీవ్రమైన మానసిక జబ్బు వచ్చింది. సుప్రీంకోర్టు అతని పేరు రాయకుండా, ఉరిని బతికున్నంత కాలం జైలుగా మార్చింది. చికిత్స ఇప్పించమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఉరి తప్పింది గాని నేరం నేరంగానే ఉంది.

పూర్తిగా నిర్దోషి అన్నా మనిషి నేరుగా ఇంటికి రాడు. మందులతో, కాపలాతో ఉంచే చోటుకు పంపాలని చట్టం. షోలాపూర్‌కు దగ్గరలోది పుణెలోని యెరవడా మానసిక ఆస్పత్రి, దాదాపు 250 కిలోమీటర్లు. అక్కడ తెలుగులో బాధ చెప్పుకుంటే అర్థమయ్యేది ఎవరికో! జబ్బు ముదరక ముందే అయితే 14416కు ఫోన్ చేయవచ్చు. 2022లో మొదలైన టెలీ మానస్‌లో మరాఠీ, తెలుగు రెండూ ఉన్నాయి, పైసా ఖర్చు లేదు. కేస్ పేపర్ తీయడానికి సివిల్ హాస్పిటల్ ఎలాగూ ఊళ్లోనే ఉంది.

బంధువులెవరైనా పూచీ రాసిస్తే రోగిని వాళ్లకు అప్పజెప్పవచ్చని కూడా చట్టంలో ఉంది. మందులిప్పిస్తాను, ఎవరికీ హాని జరక్కుండా చూసుకుంటానని ఆ కాగితం మీద సంతకం పెట్టాలి. దత్త నగర్‌లోనో అశోక్ చౌక్‌లోనో రెండు సాంచెల నడుమ చాప పరుచుకునే ఇంట్లో ఆ సంతకం పెట్టాల్సి వచ్చేది చాలావరకు ముసలి తల్లి, లేదంటే దెబ్బలు తిన్న భార్యే.