అచ్చంపేట దాకా పోతే నెల సౌదాలో ఎంత మిగులుతుంది?

నెల మొదటి వారంలో బల్మూర్ నుంచి అచ్చంపేట పోయే బస్సు ఎక్కితే సగం మంది చేతుల్లో ఖాళీ సంచులే కనిపిస్తాయి. ఫలానా మార్ట్‌లో నూనె తక్కువట, ఇంకోదాంట్లో కందిపప్పు మంచిగుందట, సర్ఫ్ ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అట. మా అమ్మీ కూడా అదే బ్యాచ్. ఒక నెల రెండు మార్ట్‌లు, ఒక హోల్‌సేల్ దుకాణం తిరిగి సాయంత్రం ఇంటికొచ్చింది. రెండు రోజులు మోకాళ్లు పట్టేశాయి. బిల్లులు నా ముందు పెట్టి, నువ్వు బీకామ్ చదివినవు కదా, ఎంత మిగిలిందో చెప్పు అంది.

ఆ లెక్క వేస్తుంటే తెలిసింది, ఇది ఒక్క మా ఇంటి ప్రశ్న కాదని. కేంద్రం చేసిన 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పల్లెల్లో ఒక కుటుంబం ఖర్చులో 47 శాతం తిండికే పోతోంది. పట్నంలో అది 40 శాతం దగ్గర ఉంది. అంటే సరుకుల్లో ఆదా చేయాల్సిన అవసరం మనకే ఎక్కువ. కానీ నాలుగు దుకాణాలు ఒకే వీధిలో ఉండే సౌకర్యం పట్నం వాళ్లది.

ముందు ఒక మాట. నెల సరుకులన్నీ ఒకే గంపలో వేసి చూస్తే లెక్క తప్పుతుంది. బియ్యం సంగతే తీసుకోండి. 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం వస్తున్నాయి. ఐదుగురున్న ఇంటికి 30 కిలోలు. కార్డు ఉన్న ఇంట్లో బిర్యానీ బియ్యం తప్ప కొనేది పెద్దగా ఉండదు. పాలు, కూరగాయలు, గోష్, గుడ్లు మార్ట్‌లో కొనేవాళ్లు మన దగ్గర తక్కువ. అవన్నీ తీసేస్తే మిగిలేది నూనె, పప్పులు, చాయ్‌పత్తా, చక్కెర, మసాలాలు, సబ్బులు, బిస్కెట్లు. తిరగాలా వద్దా అన్న ప్రశ్న వీటి గురించే.

వీటిలోనూ రెండు రకాలున్నాయి. ఎమ్మార్పీ ఉన్నవి, లేనివి.

సబ్బు, టూత్‌పేస్ట్, బిస్కెట్ ప్యాకెట్ దేశమంతా ఒకే ఎమ్మార్పీతో వస్తాయి. దుకాణదారుడు తగ్గించాలంటే తన మార్జిన్‌లోంచే తగ్గించాలి. పెద్ద కంపెనీల సరుకు మీద చిన్న దుకాణానికి మిగిలేది సాధారణంగా పది శాతం లోపే. ఇక మార్ట్‌కీ మార్ట్‌కీ తేడా ఎంతుంటుంది? పది రూపాయల సబ్బు మీద అర్ధ రూపాయి. ఈ సరుకుల ధరలో నిజంగా పెద్ద మార్పు వచ్చింది దుకాణం మారడం వల్ల కాదు, పన్ను మారడం వల్ల. 2025 సెప్టెంబర్ 22 నుంచి సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్ట్, తలనూనె, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. పన్ను తగ్గింపు మొత్తం ధరలో కలిపితే వంద రూపాయల వస్తువు 89కి రావాలి. అది మార్ట్‌లోనూ రావాలి, మన గల్లీ కిరాణాలోనూ రావాలి. ఎమ్మార్పీ కంటే ఎక్కువ అడిగితే 1915కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. వీటి కోసం మూడు దుకాణాలు తిరగడం వృథా అని నా అభిప్రాయం.

కందిపప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, చింతపండు, బాదం, పిస్తా, ఖజూర్ లాంటివి విడిగా కొంటే ఎమ్మార్పీ ఉండదు. ఎవరికి తోచిన ధర వాళ్లు చెప్తారు. కిలోకు ఇరవై, ముప్పై రూపాయల తేడా కనిపించేది ఇక్కడే. అయితే ఒక ఇబ్బంది, రెండు దుకాణాల్లో పప్పు ఒకటే రకం కాదు. ఒకటి తొందరగా ఉడుకుతుంది, ఇంకోటి గ్యాస్ తాగుతుంది. ధర రాసుకుంటే చాలదు, గుప్పెడు తీసి చూడాలి. రంజాన్ ముందు ఈ తిరుగుడు అన్నింటికంటే ఎక్కువ ఫలితం ఇస్తుంది. ఖజూర్, బాదం, పిస్తా మీద జీఎస్టీ కూడా 12 నుంచి 5కి తగ్గింది కాబట్టి పోయిన ఏడాది రేటు గుర్తు పెట్టుకుని బేరం చేయకండి. ఆస్పత్రి పనో, పెళ్లి పనో మీద హైదరాబాద్ పోయేవాళ్లు ఇంట్లో ఉంటే బేగంబజార్‌లో తెప్పించుకోవడమే మేలు. దాని కోసమే అంత దూరం పోతే మాత్రం బస్సు కిరాయి ఖజూర్‌ను మించుతుంది.

నూనె మధ్యలో ఉంటుంది. దాని మీద ఎమ్మార్పీ ఉంటుంది కానీ దాన్ని నమ్మడానికి లేదు. ప్యాకెట్ మీద ఎక్కువ ధర వేసి, ముప్పై నలభై తగ్గించి అమ్మడం అన్ని దుకాణాల్లోనూ మామూలే. గోడ మీద రాసే తగ్గింపు ఆ ఎమ్మార్పీ మీద లెక్కేసింది. బరువులో ఇంకో మతలబు ఉంది. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. అదే సైజు కనిపించే ప్యాకెట్లు ఇప్పుడు 850 గ్రాములవి కూడా ఉంటున్నాయి. ఉదాహరణకు 850 గ్రాములది 140కి, 910 గ్రాములది 146కి ఇస్తున్నారనుకోండి. చేయి మొదటి దాని మీదికే పోతుంది. కిలోకు లెక్కేస్తే మొదటిది 165 దగ్గర పడుతుంది, రెండోది 160. గ్రాముకు ధర ఎంతో ప్యాకెట్ మీద ముద్రించాలని రూల్ ఉంది, ముద్రిస్తున్నారు కూడా. కానీ అది ఎమ్మార్పీ మీద లెక్క, మీరు కట్టే ధర మీద కాదు. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయాల్సిందే.

పల్లీ పండే జిల్లాలో ఉండి ప్యాకెట్ నూనె గురించి ఇంత లెక్కలేంటి అని పెద్దవాళ్లు అడుగుతారు. న్యాయమైన మాటే. కానీ మన పొయ్యి మీద ఇప్పుడు ఉండేది ఎక్కువగా పామాయిల్, సన్‌ఫ్లవర్. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయట నుంచే వస్తోంది. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం ముడి నూనెల మీద దిగుమతి సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి పెంచినప్పుడు అచ్చంపేటలో ఏ మార్ట్‌కు పోయినా తప్పించుకునే దారి లేదు. 2025 మే చివర్లో దాన్ని 16.5కి దించారు. ఇలాంటి వార్త వచ్చినప్పుడు పాత స్టాక్ ఎవరి దగ్గరుందో చూసుకోవడం, మామూలు నెలలో పది రూపాయల కోసం తిరగడం కంటే లాభం.

ఇప్పుడు అమ్మీ అడిగిన లెక్క. మార్ట్‌లో కొనే సరుకు నెలకు 4,000 రూపాయలు అనుకుందాం. ఊరి కిరాణాతో పోలిస్తే ఒక మార్ట్‌లో అంతా కొంటే, నూనె, పప్పులు, సబ్బులు కలిపి 300 మిగిలిందనుకుందాం. రెండో మార్ట్ కూడా తిరిగి ఏది ఎక్కడ చవకో అక్కడ కొంటే ఇంకో 60, 70. మూడోది కూడా తిరిగితే ఇంకో 20. అంకెలు ఇంటిని బట్టి మారతాయి, తగ్గుతూ పోయే తీరు మాత్రం మారదు. జార్జ్ స్టిగ్లర్ అనే అమెరికా ఆర్థికవేత్త 1961లోనే ఇది రాశాడు: వెతికిన కొద్దీ తక్కువ ధర దొరుకుతుంది, కానీ ప్రతి కొత్త దుకాణం ముందుదాని కంటే తక్కువ ఇస్తుంది. మాకు డిగ్రీలో ఇది పేరాగ్రాఫ్. అమ్మీ మోకాళ్లకు ముందే తెలుసు.

ఖర్చు వైపు చూస్తే ఎవరు పోతున్నారన్నదే అసలు సంగతి. మగవాళ్లు బండి మీద పోతే, మండలంలో మీ ఊరిని బట్టి రానూపోనూ ముప్పై కిలోమీటర్లు వేసుకున్నా, లీటరు పెట్రోలు 107 రూపాయలు అనుకుని లెక్కేస్తే అరవై పైనే. అంటే రెండో మార్ట్ ఇచ్చింది బండికే పోయింది. ఆడవాళ్లకు 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీ. ఆధార్ చూపిస్తే జీరో టికెట్. అందుకే ఇప్పుడు ఈ తిరుగుడు పని మెల్లగా ఆడవాళ్ల మీద పడింది. టికెట్ లేదు కాబట్టి ఖర్చు లేదని ఇంట్లో అందరూ అనుకుంటారు. పూట పోతుంది. ఉపాధి హామీ కూలి 2025-26లో రోజుకు 307 రూపాయలు. మిషన్ కుట్టే ఆమెకో, బీడీలు చుట్టే ఆమెకో ఆ పూట విలువ ఏదో ఒకటి ఉంటుంది కదా. అది ఏ బిల్లులోనూ రాదు. పిల్లలను వెంట తీసుకుపోతే చాక్లెట్, ఐస్‌క్రీమ్ వేరే.

అందుకని నేను చెప్పేది, నెలకోసారి ఒక మార్ట్‌కు పోండి, ఇంకో పని కూడా పెట్టుకుని పోండి. రెండోది అదే దారిలో ఉంటే పప్పు, నూనె మాత్రం అడగండి. ప్రతి నెలా కొత్తగా పోల్చాల్సిన పని లేదు. ఈ నెల పప్పు చవకగా ఇచ్చిన దుకాణం వచ్చే నెల కూడా చాలావరకు అలాగే ఇస్తుంది. రంజాన్ ముందు ఒకసారి, తాండూరు వైపు కొత్త కందులు మార్కెట్‌కు వచ్చే జనవరి, ఫిబ్రవరిలో ఒకసారి పోల్చుకుంటే ఏడాది గడుస్తుంది. పెద్ద కంపెనీల యాప్‌లు బల్మూర్‌కు సరుకు తేకపోయినా ధర చూడడానికి పనికొస్తాయి. పైసా ఖర్చు లేదు.

ఇదంతా చేతిలో నగదు ఉన్న ఇంటి లెక్క. ఆటో నడిపే ఇల్లు, రోజు కూలి ఇల్లు, పంక్చర్ దుకాణం ఇల్లు మొదటి వారంలో 4,000 ఒకేసారి ఎక్కడి నుంచి తెస్తాయి? వాళ్లకు కిరాణా దుకాణం ధర చెప్పే చోటు కాదు, ఉద్దెర ఇచ్చే చోటు. వంద రూపాయల సరుకు 105కి రాసుకుంటాడు, నిజమే. నెల ఉద్దెరకు ఐదు రూపాయలు అంటే ఏడాదికి అరవై శాతం పడుతుందని నా బీకామ్ చెప్తుంది. కానీ రాత్రి తొమ్మిదికి చాయ్‌పత్తా, ఇంట్లో మయ్యత్ అయిన రోజు చక్కెర, 2020 లాక్‌డౌన్‌లో రెండు నెలల సరుకు ఖాతాలో రాసుకుని ఇచ్చింది ఆయనే. నగదు ఉన్న ఇళ్లన్నీ మార్ట్‌కు పోతే ఆయన దగ్గర మిగిలేది ఉద్దెర ఖాతాలే. అప్పుడు ఆ 105 కాస్తా 108 అవుతుంది, లేదా షట్టర్ దిగుతుంది. మనకు మిగిలిన మూడు వందల్లో కొంత పక్కింటివాళ్లు కట్టాల్సి వస్తుంది.

మార్ట్ ధర తెలుసుకుని దాన్ని కిరాణాలోనే వాడడం ఒక మధ్య దారి. నగదు ఇస్తే ఎంతకిస్తావు భాయ్ అని అడగండి. చాలామంది అడగరు, మొహమాటం. మేం అడిగాం. సబ్బుల మీద తగ్గలేదు, పప్పు మీద కిలోకు పది తగ్గాడు. నూనె మాత్రం పదిహేను లీటర్ల డబ్బా అయితే తెప్పిస్తానన్నాడు. గల్లీలో నాలుగిళ్లు కలిసి తీసుకుందామని అమ్మీ మాట్లాడింది. మూడిళ్లు పైసలిచ్చాయి. నాలుగో ఇంటికి అదే దుకాణంలో పాత ఉద్దెర ఉంది, అది తీరే దాకా డబ్బాలో వాటా అడగడానికి ఆ ఇల్లాలికి మొహం చెల్లలేదు. ఈ నెల డబ్బా మూడిళ్లకే వచ్చింది.