తెలుగు పేర్లకు కంపైలర్‌లో చోటు కల్పించాలని వినతిపత్రం

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి అధ్యక్షుల వారికి,

ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు ప్రాంతాల కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు, అధ్యాపకులు సమర్పించుకుంటున్న వినతి.

విషయం: ఐడెంటిఫైయర్లలో (ప్రోగ్రాంలో పెట్టే పేర్లలో) క్యాపిటల్, స్మాల్ అక్షరాల నియమాల వల్ల తెలుగుకు కలుగుతున్న ఇబ్బంది గురించి.

అయ్యా,

కొల్లేరు చేపల చెరువుల లెక్కలకు ప్రోగ్రాం రాసేటప్పుడు మేత, బొచ్చె, శీలావతి అన్న పేర్లే వేరియబుల్స్‌కు పెడితే ఇక్కడివాళ్లకు చూడగానే తెలుస్తుంది. 2008లో వచ్చిన పైథాన్ 3 ఈ పేర్లను ఒప్పుకుంటుంది. జావాకూ అభ్యంతరం లేదు. 2009లో వెలువడిన గో భాషలో మాత్రం ‘వల’, ‘పడవ’ చెల్లుతాయి, ‘చేప’ చెల్లదు. ఏత్వం దగ్గరే కంపైలర్ ఆగిపోయి ఎర్రర్ చూపుతుంది. యూనికోడ్ ‘అక్షరం’గా లెక్కగట్టినవాటిని, అంకెలను, అండర్‌స్కోర్‌ను తప్ప గో మరి దేన్నీ పేర్లలోకి రానివ్వదు. మన గుణింతపు గుర్తులు, పొల్లు వేరే వర్గంలో ఉన్నాయి. గుణింతాలు లేకుండా తెలుగు ఎలా రాయగలం?

అంతకన్నా పెద్ద చిక్కు క్యాపిటల్ అక్షరంతో వస్తోంది. గోలో ఒక పేరు మరో ప్యాకేజీకి కనిపించాలంటే దాని మొదటి అక్షరం క్యాపిటల్ అయి తీరాలి. తెలుగులో ఆ తేడాయే లేదు కనుక ‘వల’ తన ప్యాకేజీ దాటి బయటికి రాలేదు. ముందు ఇంగ్లీషు ‘ఎక్స్’ తగిలించాలి. అది తృప్తికరమైన పరిష్కారం కాదని గో రూపకర్తలే చెప్పారు. హాస్కెల్‌లో టైపు పేరు కూడా క్యాపిటల్‌తోనే మొదలవ్వాలి. హిందీ, తమిళం, అరబిక్, చైనీస్ రాసేవాళ్లదీ ఇదే అవస్థ.

రస్ట్ ఈ విషయంలో మెరుగు. 2021లో వచ్చిన 1.53 వెర్షన్ నుంచి తెలుగు పేర్లు అందులో చెల్లుతున్నాయి. పేరు బయటికి కనిపించాలంటే ‘పబ్’ అని ముందు రాస్తే చాలు. పేర్ల రాత శైలి గురించి అది ఇచ్చే క్యామెల్ కేస్, స్నేక్ కేస్ హెచ్చరికలు మన అక్షరాల జోలికి రావు. రాత శైలి మనుషుల సౌకర్యం కోసం ఉన్నది, దాన్నిబట్టి కంపైలర్ అర్థం మార్చకూడదని మా దృఢాభిప్రాయం.

మరో సంగతి. ‘కైకలూరు’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ, రెండు గుర్తులుగానూ రాయవచ్చు. తెరమీద రెండూ ఒకేలా ఉంటాయి. పైథాన్, రస్ట్ వాటిని ఒకే పేరుగా కలుపుతాయి. జావా కలపదు, అది రెండు వేరియబుల్స్‌గా చూస్తుంది.

ల్యాబుల్లో విద్యార్థులు రాసే లెక్సికల్ అనలైజర్ (ప్రోగ్రాంను పదాలుగా విడగొట్టే భాగం) ఏ నుంచి జెడ్ వరకు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్‌తోనే ముగుస్తోంది. రేపు కంపైలర్లు కట్టబోయేది ఈ పిల్లలే. కాబట్టి మా కోరికలు ఇవి:

కంపైలర్ డిజైన్ పాఠ్యాంశంలో యూనికోడ్ 31వ అనుబంధంలోని ఐడెంటిఫైయర్ నియమాలను చేర్చాలి. ల్యాబ్ పరీక్షలో తెలుగు పేర్లున్న ప్రోగ్రాం ఒక్కటైనా తప్పనిసరి చేయాలి. పేరు బయటికి కనిపించడం కీవర్డుతో తేలాలే గానీ క్యాపిటల్ అక్షరంతో కాదని, గుణింతాలను పేర్లలో అనుమతించాలని గో నిర్వాహకులకు, టైపు పేర్లకు క్యాపిటల్ నియమం వద్దని హాస్కెల్ నిర్వాహకులకు మండలి తరఫున అధికారికంగా రాయాలి. తాడేపల్లిగూడెం నిట్ కేంద్ర సంస్థ కనుక దాని సెనేట్‌కు వేరుగా ప్రతి పంపుతున్నాం.

రాబోయే పాఠ్యప్రణాళిక సవరణలోనే వీటిని చేర్చవలసిందిగా ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
తమ విధేయులు,
ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు ప్రాంతాల విద్యార్థులు, అధ్యాపకులు