లిస్ట్ కొట్టివేసిన ముగింపు

పియానో విద్వాంసుల ధ్వనిముద్రణములను పోల్చుటయనగా నేడు పెక్కుమందికి వేళ్ల వేగమును కొలుచుటయే యైనది; ఫ్రాంజ్ లిస్ట్ 1853లో పూర్తిచేసి, షూమన్‌కు అంకితమిచ్చిన బి మైనర్ సొనాటా విషయమున ఈ తూనిక మిక్కిలి అన్యాయమని నా నిశ్చితాభిప్రాయము.

ఎచ్చటను ఆగక సుమారు అరగంట సాగు ఆ కృతి మొదట, గొంతు అణచుకొని పలికినట్లు పొట్టి స్వరములు రెండు, నడుమ మౌనము, పిమ్మట మెల్లగా దిగివచ్చు స్వరపంక్తి. మరల అవే స్వరములు, వేరొక పంక్తి. ఆ తొలిస్వరమునే షడ్జమముగా భావించి వినినచో మన సంగీతము నెరిగినవారికి మొదటిది తోడి అవరోహణగను, రెండవది సింహేంద్రమధ్యమపు అవరోహణగను తోచును. లిస్ట్‌కు మన రాగములతో పనిలేదు, రెండవ పంక్తి హంగరీ జిప్సీల బాణీ. అయినను రిషభ మధ్యమ నిషాదములు మూడును ఒక్కమారుగా పైకి జరిగిన ఆ క్షణమున చీకటి రంగు మారుటను వినిపింపలేని వాదకుడు పిదప ఎంత ఉరవడి చూపినను ఏమి ప్రయోజనము?

నాలుగైదు నిమిషములకే ఒక పక్క నిండిపోవు రికార్డులపై 1932లో హోరోవిట్జ్ నిలిపిన ఆవేశము అసాధారణము; 1971లో మార్తా అర్గెరిచ్ వాయించినది ప్రచండవాతమే. ఈ ఇరువురి ప్రతిభకును నమస్కరించుచునే చెప్పుచున్నాను: వారిని మెచ్చువారు ముగింపునకు ముందు వచ్చు ఆక్టేవుల (ఒకే స్వరము రెండు స్థాయిలలో కలిసి మ్రోగు జంటల) హోరునే తలచుకొందురు. బ్రామ్స్ వాయింపగా ఈ కృతిని వినిన షూమన్ భార్యయైన క్లారా ఇది వట్టి రొద యని 1854లో దినచర్యలో నిరసించినది. ఆ హోరునకే చప్పట్లు కొట్టువారు తెలియకయే ఆమె నిందకు బలము చేకూర్చుచున్నారు.

లిస్ట్ మొదట వ్రాసికొనినది ఘోషతో కూడిన ముగింపే. వ్రాతప్రతిలో దానిని తానే కొట్టివేసి, తొలి అవరోహణలను మరల దింపి, మెత్తని స్వరసముదాయములతోను, అట్టడుగున ఒంటరిగా మ్రోగు ఒక్క స్వరముతోను కృతిని ముగించెను. కావున ఆక్టేవులనే శిఖరముగా నిలుపు వాదకుడు కర్త త్రోసిపుచ్చిన దానినే మరల తెచ్చి మన ముందుంచుచున్నాడు.

లిస్ట్ శిష్యుడైన మార్టిన్ క్రౌజె యొద్ద చదువుకొనిన క్లాడియో అర్రౌ 1970లో చేసిన ముద్రణమున తొందర కానరాదు. నడిమి విలంబభాగమున ప్రతి స్వరమును తరువాతిదానికై వేచియున్నట్లుండును, మౌనములకు వానికి రావలసిన కాలము లభించును. అందుచేత నేను దానికే ప్రథమస్థాన మిచ్చెదను, హోరోవిట్జ్ 1932 ముద్రణమును అందలి అసాధారణమగు ఆవేశమునకై దాని తరువాత నుంచెదను.